పేరు పెట్టినవాడెవడు? - జెంటూ నుంచి గోండు దాకా

ఈ మధ్య ఒక యువ రచయిత తన కథ రాతప్రతి చేతికిచ్చి అభిప్రాయం చెప్పమన్నాడు. కథ ఆదిలాబాద్ అడవిలో జరుగుతుంది. అందులో అటవీశాఖ ఉద్యోగి ఉన్నాడు, వడ్డీవ్యాపారి ఉన్నాడు, పట్నం నుంచి పోయిన టీచరు ఉన్నాడు. ముగ్గురికీ పేర్లున్నాయి. టీచరుకైతే ఇంటిపేరు కూడా ఉంది. ఎవరి భూమి పోయిందని కథ బాధపడుతున్నదో ఆ మనిషి మాత్రం మొదటి పుట నుంచి చివరి పుట దాకా ‘ముసలి గోండు’గానే మిగిలిపోయాడు. అతని భార్య ‘గోండు స్త్రీ’. వాళ్ళ కొడుకు ‘గోండు యువకుడు’.

ఇతని పేరేమిటని రచయితను అడిగాను. కొంచెం తడబడి, “అతను ప్రతినిధి పాత్ర గదా సార్” అన్నాడు. వడ్డీవ్యాపారి కూడా ప్రతినిధి పాత్రే. అతనికి పేరెందుకు పెట్టావంటే జవాబు లేదు. రచయిత సానుభూతిని శంకించాల్సిన పని లేదు. అతను నిజాయితీగానే రాశాడు. అయితే ఆ నిజాయితీ కింద ఒక పాత అలవాటు దాగి ఉంది. అది అతనొక్కడిది కాదు, మన సాహిత్యానిది. ఆ అలవాటు ఎక్కడిదో తెలుసుకోవాలంటే మరొకరు మనకు పెట్టిన పేర్ల చరిత్ర నుంచి మొదలుపెట్టడం మంచిది. ఎదుటివాడి కంటితో మనల్ని మనం చూసుకున్నప్పుడే మన కన్ను ఎదుటివాణ్ణి ఎట్లా చూస్తున్నదో అర్థమవుతుంది.

తెలుగువాళ్ళను ఇంగ్లీషువాళ్ళు చాలాకాలం ‘జెంటూ’లన్నారు. మన భాష వాళ్ళకు జెంటూ భాష. 1816లో మద్రాసులో అచ్చయిన ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం తన శీర్షికలోనే ‘సాధారణంగా జెంటూ అని పిలవబడే తెలుగు భాష’ అని చెప్పుకొన్నది. మరుసటి ఏడాది 1817లో వచ్చిన విలియం బ్రౌన్ వ్యాకరణానికైతే తెలుగు అన్న మాటే అవసరం లేకపోయింది. అది జెంటూ భాషా వ్యాకరణమే. ఆ మాట ఇప్పుడు దక్షిణ ధ్రువం వైపు బతికే ఒక జాతి పెంగ్విన్ పేరులో తప్ప వాడుకలో వినిపించదు.

ఈ జెంటూ మాట ఎక్కడిది? పోర్చుగీసు భాషలో ‘జెంటియో’ అంటే క్రైస్తవుడు కానివాడు, విగ్రహారాధకుడు. మన తెలుగు బైబిలు ‘అన్యజనులు’ అన్న చోట ఉండే మాటకూ దీనికీ మూలం ఒకటే. పదహారో శతాబ్దంలో ఈ దేశపు తీరాలకు వచ్చిన పోర్చుగీసువాళ్ళు ఇక్కడి మనుషుల్ని రెండు మూటలుగా కట్టారు. ముస్లింలైతే ‘మోరో’లు, మిగతావాళ్ళు ‘జెంటియో’లు. వాళ్ళు యూరపులో ఏ మతయుద్ధాల మధ్య పెరిగారో ఆ యుద్ధాల పదజాలాన్నే ఓడలో వేసుకొచ్చారు. తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ళు పాత వ్యాపారి దుకాణాన్ని సరుకుతో సహా కొనుక్కున్నట్టుగా ఆ మాటల్ని కూడా తీసుకున్నారు. జెంటియో జెంటూ అయింది. మోరో మూర్ అయింది.

ఇక్కడొక విశేషం గమనించాలి. ఈ ఒక్క మాటకే రెండు చోట్ల రెండు అర్థాలు ఏర్పడ్డాయి. బెంగాలులో వారన్ హేస్టింగ్స్ పండితుల చేత ధర్మశాస్త్రాలను క్రోడీకరింపజేసి, సంస్కృతం నుంచి పారసీకంలోకి, పారసీకం నుంచి ఇంగ్లీషులోకి మార్పించాడు. ఆ గ్రంథాన్ని హాల్‌హెడ్ 1776లో ‘జెంటూ చట్టాల స్మృతి’ అనే పేరుతో ప్రచురించాడు. అక్కడ జెంటూ అంటే హిందువు. మద్రాసులో మాత్రం జెంటూ అంటే తెలుగువాడు. 1639లో కంపెనీకి మద్రాసులో చోటిచ్చిన దామెర్ల నాయకులు తెలుగువాళ్ళు. కంపెనీ అక్కడ బేరమాడిన వర్తకుల్లో, దుబాసుల్లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. తమిళులకు పోర్చుగీసు కాలం నుంచీ ‘మలబారు’ అనే తప్పు పేరు స్థిరపడిపోయి ఉంది. అందువల్ల మిగిలిన జెంటూ మాట తెలుగువాళ్ళ నెత్తిన పడింది. తమిళుడు తన తీరం కాని తీరం పేరును మోశాడు. తెలుగువాడు తన మతం కాని మతం పెట్టిన పేరును మోశాడు.

అంటే పేరు మనలో ఉన్న ఏ గుణం నుంచీ పుట్టలేదు. పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఏం కోరి వచ్చాడు, తనకు ఎవరితో అవసరం పడింది అన్నవే ఆ పేరును నిర్ణయించాయి.

అవసరం మారగానే పేరు కూడా మారింది. 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. జిల్లాల్లో శిస్తు వసూలు చెయ్యాలన్నా, కచేరీలో ఫిర్యాదు వినాలన్నా దొరలకు ఈ భాషలు ఖచ్చితంగా రావాలి. క్యాంబెల్ వ్యాకరణం ఆ అవసరం నుంచే వచ్చింది. ద్రావిడ భాషలకు సంస్కృతం మూలం కాదని నిరూపించిన ఎల్లిస్ వ్యాసం ఆ పుస్తకానికే ముందుమాటగా అచ్చయింది. శాస్త్రీయంగా భాషను చూడడం మొదలైనాక ‘అన్యజనుల భాష’ అనే గంపగుత్త మాట పనికిరాలేదు. జెంటూ పోయి తెలుగు నిలిచింది. మనం గర్జిస్తే పోయిందని చెప్పుకోవడానికి లేదు. పాలనకు సూక్ష్మమైన పరికరం కావలసి వచ్చి, మొద్దుబారిన పాతదాన్ని పక్కన పడేశారు.

సముద్రం దాటినవాళ్ళ కథ వేరు. మలయా ద్వీపకల్పంలో భారతీయులను ‘కెలింగ్’, ఇంగ్లీషువాళ్ళ నోట ‘క్లింగ్’ అన్నారు. అది కళింగం నుంచి వచ్చిన మాట. తూర్పు తీరపు ఓడవర్తకులు అక్కడ మన్నన పొందిన రోజుల్లో ఆ మాటలో చులకన లేదు. మలాయి చరిత్ర గ్రంథాల్లో అది ఒక దేశపు పేరు మాత్రమే. వర్తకుడి స్థానంలో కూలీ దిగిన తర్వాత ఆ పేరే తిట్టుగా మారింది. అక్షరం మారలేదు, ఉచ్చారణ మారలేదు. మోసేవాడి వర్గం మారింది, దాంతో మాట విలువ పడిపోయింది. సింగపూరులో క్లింగ్ వీధి అనే పేరు మీద అక్కడి భారతీయులు అభ్యంతరం చెబితే 1920ల మొదట్లో దాన్ని చూలియా వీధిగా మార్చారు. ఇక్కడ పేరు పోవడానికి కారణం పాలకుని సౌకర్యం కాదు, పిలిపించుకున్నవాళ్ళ నిరసన.

బర్మాలో తెలుగువాళ్ళు ‘కోరంగీ’లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు ఆ పేరు. ఓడ ఎక్కినవాడు ఏ ఊరివాడో, ఏ కులంవాడో, ఎందుకు ఇల్లు విడిచాడో రంగూన్ రేవు యజమానికి అక్కర్లేదు. సరుకు మీద రేవు ముద్ర ఉంటే చాలు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మీయులను పనిలోకి దించాయి. సమ్మె ముగిసి పాతవాళ్ళను తిరిగి తీసుకున్నప్పుడు రెండు పక్షాల కూలీల మధ్య ఘర్షణ మొదలై అది నగరమంతా మారణకాండగా పాకింది. ఆ రోజుల్లో కోరంగీ అన్న మాట ఒక మనిషిని వెతికి పట్టుకొని కొట్టడానికి గుర్తుగా పనికివచ్చింది. యజమానుల లెక్కపుస్తకంలో పుట్టిన మాట, సాటి కూలీ చేతిలో కర్ర అయింది.

మన కరీంనగర్ పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ బొంబాయి. తెలంగాణ నుంచి అక్కడికి పోయి గోడలు కట్టినవాళ్ళను, మట్టి మోసినవాళ్ళను ‘కామాఠీ’లన్నారు. పని చేసేవాడు అనే దానికి మించి ఆ మాటలో ఏమీ లేదు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠీపుర అయింది. తరువాత ఆ పేట లోకానికి మరో విధంగా ప్రసిద్ధమైంది. ఈనాడు ఆ పేరు విన్నవాళ్ళలో ఎంతమందికి అది పాలమూరు, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి పోయిన తాపీ కూలీల పేరని తెలుసు? నగరాన్ని కట్టినవాళ్ళ పేరు నగరానికి పెట్టలేదు, ఒక్క పేటకు అంటించి మరిచిపోయారు.

ఇంగ్లీషువాళ్ళకు ఇదంతా వలసల్లోకి వచ్చాక అంటుకున్న జబ్బని అనుకోవద్దు. వాళ్ళ ఇంట్లోనే మొదలయింది. బ్రిటన్ ద్వీపంలోకి బయటి నుంచి వచ్చిపడ్డ ఆంగ్లో-సాక్సన్లు అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళను ‘వేల్హ్’ అన్నారు. ఆ మాటకు అర్థం పరదేశి. కాలక్రమాన అదే మాట బానిస అనే అర్థంలో కూడా వాడారు. నేటి ‘వెల్ష్’ అనే పేరు దాని నుంచి వచ్చిందే. వచ్చినవాడు ఇంటివాణ్ణి పరదేశి అన్నాడు! ఆ ఇంటివాళ్ళు తమను తాము చెప్పుకొనే పేరు ‘కుమ్రి’, అంటే ఒకే నేల మీది తోటివాళ్ళు. ఒక పేరు దూరం నెట్టుతుంది, మరొక పేరు దగ్గరకు తీస్తుంది.

పదమూడో శతాబ్దంలో తాతార్లు యూరపు మీదికి వస్తున్నారన్నప్పుడు, ఆ పేరులో ఒక ‘ర’కారం అదనంగా చేర్చి ‘టార్టార్’ అన్నారు. గ్రీకు పురాణాల్లో పాతాళ నరకానికి టార్టరస్ అని పేరు. చిన్న అక్షరంతో ఒక జాతి నరకం నుంచి వచ్చినవాళ్ళయిపోయారు. స్లావులు జర్మనులకు పెట్టిన ‘నెమెత్స్’ అనే పేరుకు మూలం మూగవాడని చెప్పే మాట. గ్రీకులకు పరభాష అంతా ‘బర్‌బర్’మని వినిపించింది, అందుకే పరదేశి బార్బేరియన్. మన భాష మాట్లాడనివాడికి అసలు మాటే రాదనే అహంకారం ఇది.

ఈ మాటలన్నిటినీ కుప్పపోసిన నిఘంటువు ఒకటుంది. యూల్, బర్నెల్ కలిసి కూర్చి 1886లో ప్రచురించారు. జెంటూ, క్లింగ్, మూర్ వంటి మాటల చరిత్రకు ఈనాటికీ ఉపయోగపడే గ్రంథమే. దాని పేరు ‘హాబ్సన్-జాబ్సన్’. పీర్ల పండుగ నాడు గుండెలు బాదుకుంటూ ‘యా హసన్, యా హుసేన్’ అని చేసే శోకం తెల్ల సిపాయి చెవికి హాబ్సన్-జాబ్సన్ అని వినిపించింది. మన ఊళ్ళలో కులమతాల తేడా లేకుండా నిప్పులగుండం చుట్టూ తిరిగేవాళ్ళ కంఠంలోని దుఃఖం ఇద్దరు ఇంగ్లీషు పెద్దమనుషుల పేర్లయిపోయింది. పండితులు దాన్ని సరదాగా పుస్తకానికి తగిలించారు. అందులో వాళ్ళకు ద్వేషం లేదు. ద్వేషం లేకపోయినా ఎదుటివాడి దుఃఖం వినపడకపోవచ్చునన్నదే ఇక్కడ మనం తెలుసుకోవలసింది. మన యువ రచయిత సానుభూతి కూడా ఇటువంటి చెవిటితనంతో కలిసి బతకగలదు.

ఇంతవరకు చదివి సంతోషించే పాఠకుడు ఇప్పుడు ఇంటివైపు తిరగాలి. మనం ఎవరికీ పేర్లు పెట్టలేదా?

ఫ్రాంకు అనే యూరపు జాతి పేరు అరబ్బు, పారసీక నోళ్ళ మీదుగా వచ్చి మనకు పరంగి అయింది. వాళ్ళు తెచ్చిన పండు పరంగిపండు, వాళ్ళు తెచ్చిన సుఖవ్యాధి పరంగిరోగం. పోర్చుగీసువాళ్ళు బుడతకీచులు, డచ్చివాళ్ళు వలందులు, ఫ్రెంచివాళ్ళు పరాసులు. నిన్నమొన్నటి పండితులు ఇంగ్లీషును హూణభాష అన్నారు, ఎప్పటి హూణులో, ఎక్కడి ఇంగ్లీషువాళ్ళో! తమిళాన్ని అరవమన్నాం. అరువనాడు అనే ప్రాంతనామం దానికి మూలమని పండితులు చెప్పినా, ‘అరవగోల’ అన్నప్పుడు మనం నాడును తలుచుకోం, గోలనే తలుచుకుంటాం. తమిళులు మనల్ని వడుగులన్నారు, అంటే ఉత్తరాదివాళ్ళు. ఆ మాటనే పోర్చుగీసువాళ్ళు ‘బడగ’ చేసుకున్నారు.

టర్కు అనే ఒక జాతి పేరు మన దగ్గర ముస్లింలందరికీ ‘తురక’ అయింది. తాతముత్తాతల కాలం నుంచీ మానేరు ఒడ్డునో, గోదావరి ఒడ్డునో పుట్టి, మనతోపాటే దూదేకి, మనతోపాటే నేతనేసి, మనలాగే తెలుగు మాట్లాడే మనిషికి ఎన్నడూ చూడని తుర్కీ దేశం పేరు. ఉర్దూను తురకభాష అన్నాం. 1772లో హాడ్లీ అనే ఇంగ్లీషువాడు హిందుస్తానీ వ్యాకరణం రాస్తూ దాన్ని సాధారణంగా ‘మూర్స్’ అంటారని శీర్షికలోనే చెప్పాడు. హాడ్లీ చేసిన పనికీ మనం చేసిన పనికీ భాషాశాస్త్రం దృష్టిలో తేడా లేదు.

“అయితే అన్ని జాతులూ చేసేది ఇదే గదా, దీనిలో తప్పేముంది?” అని ఒక వాదం వస్తుంది. పైకి సమంజసంగా కనిపించే ఈ వాదమే ప్రమాదకరమైనది. మన తండాల్లోని లంబాడీలు తమను తాము ‘గోర్’ అనుకుంటారు, బయటివాళ్ళను ‘కోర్’ అంటారు. నిజమే, వాళ్ళూ మనకు పేరు పెట్టారు. కాని వాళ్ళు మనల్ని కోర్ అన్నందువల్ల మన పొలం పోలేదు, మన పిల్లవాడు బడిలో వెక్కిరింపు పాలు కాలేదు, పోలీసు ఠాణాలో మన వేలిముద్రలు తీసుకోలేదు. మరొక వైపు చూడండి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. ఎరుకల అనే పేరు ఆ పట్టికలోకి ఎక్కినందువల్ల పుట్టిన ప్రతి బిడ్డా పుట్టుకతోనే నేరస్థుడయ్యాడు. 1913లో గుంటూరు జిల్లాలో ఏర్పడ్డ స్టూవర్టుపురం ఆ పేరు మీద కట్టిన జైలే. చట్టం 1952లో రద్దయింది, కాని ‘ఎరుకలోడు’ అనే మాటలోని ఈసడింపు రద్దు కాలేదు.

బలహీనుడు పెట్టిన పేరు అతని గుడిసెలోనే ఉండిపోతుంది. బలవంతుడు పెట్టిన పేరు జనాభా లెక్కల్లోకి, పట్టాలోకి, చార్జిషీటులోకి, చివరికి కథలోకి ఎక్కుతుంది. తేడా మాటలో లేదు, మాట వెనుక ఉన్న అధికారంలో ఉంది.

ఇప్పుడు ‘ముసలి గోండు’ దగ్గరికి వద్దాం.

ఆదిలాబాద్ గోండులు తమను తాము గోండులనుకోరు. వాళ్ళు ‘కోయితూర్’లు. కోయ అనే మాటదీ అదే మూలం. మరి గోండు అనే మాట ఎక్కడిది? పందొమ్మిదో శతాబ్దంలో నాగపూరులో పనిచేసిన మిషనరీ హిస్లాప్ అది తెలుగు ‘కొండ’ నుంచి వచ్చిందని ప్రతిపాదించాడు. వేరే వ్యుత్పత్తులు చెప్పినవాళ్ళూ ఉన్నారు. అయితే అందరూ ఒప్పుకొనే సంగతి ఒకటుంది: అది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు, పక్కవాళ్ళు పెట్టిన పేరు. హిస్లాప్ మాట నిజమే అయితే ఆ పక్కవాళ్ళం మనమే. మైదానంలో నిలబడి ఎత్తు చూసి ‘కొండవాళ్ళు’ అన్నాం. కోలాముల సంగతీ ఇంతే. వాళ్ళు తమను ‘కోలవార్’ అనుకుంటారు. మనం వాళ్ళను మన్నెవార్లు అన్నాం, అంటే మన్నెంవాళ్ళు. మనిషిని అడగకుండా అతను నిలబడిన నేలను చూసి పేరు పెట్టడం ఇది. నాగరికుడు, అనాగరికుడు అనే మాటల్లోనూ ఉన్నది ఇదే. నగరంలో ఉన్నవాడు నాగరికుడు, లేనివాడు కాదు. ఒక చిరునామా సంస్కారమై కూర్చుంది.

ఆ పేరు ఎంత దూరం పోయిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. భారత భూగర్భ శాఖలో పనిచేసిన మెడ్లికాట్ 1872లో మధ్య భారతదేశపు రాతిపొరలకు ‘గోండ్వానా’ అని పేరు పెట్టాడు. గోండుల అడవి అని దాని అర్థం. 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు సూయెస్ దక్షిణార్ధగోళపు ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవన్న ఊహకు ‘గోండ్వానా లాండ్’ అని పేరు పెట్టాడు. ఈనాడు అంటార్కిటికా మంచుకింది రాళ్ళ గురించి రాసేవాళ్ళు కూడా గోండుల పేరు చెప్పక తప్పదు. గోదావరిఖనిలో, మందమర్రిలో, బెల్లంపల్లిలో మన కార్మికులు తవ్వి తీస్తున్న బొగ్గు పాతిక కోట్ల ఏండ్లకు పైబడిన ఆ గోండ్వానా పొరల్లోదే. రాతికి గోండు పేరు పెట్టి, ఆ రాతిలో ఉన్న బొగ్గుకు లెక్క రాసిపెట్టారు. ఆ పేరు గలవాడు పోడు కొట్టుకుంటే మాత్రం ఆక్రమణదారుడన్నారు. ఒక జాతి పేరు ఖండాలను కలిపేటంత గొప్పదయింది గాని, ఆ జాతి మనిషికి నాలుగెకరాలు నిలబెట్టేటంత బలమైనది కాలేదు.

గోండుల మీద రాసినవాళ్ళలో హైమెన్‌డార్ఫ్‌ది ముఖ్యమైన కృషి. 1940లో జోడేఘాట్‌లో భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం ఆయనను పంపింది. మార్లవాయిలో ఉండి గోండీ భాషలో వాచకాలు రాయించి బడి పెట్టించిన మాట, భూమి పట్టాలకు సిఫారసు చేసిన మాట కాదనలేం. కాని ఆయన పుస్తకాల పేర్లు చూడండి: 1948లో ‘ఆదిలాబాద్ రాజగోండులు’, 1979లో ‘ఆంధ్రప్రదేశ్ గోండులు’. పుస్తకం లోపల కోయితూర్ ఉన్నారు. అట్ట మీద పొరుగువాడు పెట్టిన పేరు, దాని పక్కన సర్కారు గీసిన హద్దు. ముప్పై ఏండ్లలో హద్దు మారింది, పేరు మారలేదు. ఇప్పుడు ఆ రెండో హద్దూ లేదు. 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా నాలుగయింది. వాటిలో ఒకదానికి భీం పేరు పెట్టారు.

ఆ పేరులోనూ ఒక సంగతి ఉంది. భీం ఇంటిపేరు గోండీలో కుమ్ర. మెస్రం, ఆత్రం, మడావి వంటి గోత్రనామం. మన నోట అది ‘కొమురం’ అయింది. కొమురయ్యలు, కొమురమ్మలు ఊరూరా ఉన్న తెలంగాణ చెవికి అది దగ్గరగా వినిపించింది. ఇది అవమానం కాదు, ప్రేమతో చేసిన మార్పే. అయినా మార్పే. ఆత్మీయునిగా చేసుకునే తొందరలో కూడా మనం అతని పేరును మన నోటికి అనువుగా మలుచుకున్నామని గుర్తుంచుకోవాలి.

మరి రచయిత ఏం చెయ్యాలి? రెండు తేలిక దారులున్నాయి. రెండూ తప్పుదారులే.

మొదటిది, పాత మాట తీసేసి కొత్త మాట పెట్టడం. గోండు తీసేసి గిరిజనుడు, గిరిజనుడు తీసేసి ఆదివాసి. ‘గిరిజనుడు’ అన్నది కొండవాడికి సంస్కృత వేషం వెయ్యడమే గదా! రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ఆదివాసి అనే మాట కోసం పట్టుబట్టాడు. రాజ్యాంగం మాత్రం ‘షెడ్యూల్డు తెగలు’ అన్నది. షెడ్యూలు అంటే జాబితా. ఆదివాసి అనే మాటకు ఆ పోరాట చరిత్ర ఉంది కనుక గౌరవం ఉంది. కాని కథలో ‘ముసలి గోండు’ కొట్టేసి ‘ముసలి ఆదివాసి’ అని రాస్తే మనిషికి పేరు వచ్చినట్టు కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగినప్పుడు ప్రభుత్వం 13 మంది చనిపోయారన్నది, ప్రజలు ఎన్నో రెట్లు ఎక్కువన్నారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మనం అంకె గురించి తగువు పడుతున్నామంటే, చచ్చినవాళ్ళు పేర్లుగా కాక జాతిగా లెక్కకెక్కడమే అందుకు ఒక కారణం. పేరు లేనివాణ్ణి లెక్కలోంచి తీసెయ్యడం సులువు.

రెండోది, వాళ్ళ నోట వంకర తెలుగు పలికించడం. మన సినిమాల్లో కోయదొర అనే హాస్యపాత్ర ఉంది. ఏ భాషా కాని భాష మాట్లాడి నవ్విస్తాడు. గంభీరమైన కథల్లోనూ అడవి మనిషి నోట ‘దొరా’ తప్ప మరో సంబోధన, సగం విరిగిన వాక్యం తప్ప పూర్తి వాక్యం రానివ్వని రచయితలున్నారు. గ్రీకుల ‘బర్‌బర్’ ఇదే. ఆ ముసలాయన తన ఇంట్లో, తన భాషలో వాక్యాలు విరగ్గొట్టడు. దండారి నాడు, నాగోబా జాతర నాడు పర్ధాను కథకుడు రాత్రి తెల్లవార్లు చెప్పే కథలు వింటూ పెరిగినవాడు. అతను తెలుగులో తడబడతాడంటే అది అతనికి రెండో భాషో మూడో భాషో కనుక. మనకు గోండీలో ఒక్క వాక్యం కూడా రాదు. విరిగిన భాష ఎవరిది?

ఈ రెండూ కాక మూడో దారి కష్టమైనది. పోయి అడగడం. నీ పేరేమిటి, నీది ఎన్ని దేవతల గోత్రం, మీ ఊరిని మీరు ఏమంటారు, మమ్మల్ని ఏమంటారు? చివరి ప్రశ్న ముఖ్యమైనది. అడవి మనిషి మనకు ఏ పేరు పెట్టాడో తెలుసుకున్న రచయిత మైదానాన్ని లోకానికి కేంద్రమనుకోడు. 1983లో సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల విలువ ఇక్కడుంది. అందులో గోండు కథకు నేపథ్యం కాడు, కథానాయకుడు. ఒక మనిషి తన పేరుతో శీర్షికలోకే ఎక్కాడు. ఆ నవల వచ్చి నలభై ఏండ్లు దాటింది. ఆ తర్వాత వచ్చిన కథల్లో ‘ముసలి గోండు’ మళ్ళీ కనిపించడమంటే మనం ముందుకు పోలేదనే అర్థం.

ఒక మాట మరిచిపోవద్దు. రచయిత అడగడం కూడా శాశ్వత ఏర్పాటు కాదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండీ రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అడవి తన పేరును తన అక్షరాలతో రాసుకుంటున్నది. ఆ రాతలు పెరిగిన నాడు మనం చేసే ప్రాతినిధ్యానికి అవసరం తగ్గుతుంది. తగ్గాలి కూడా. అప్పటిదాకా రాసేవాళ్ళకు కనీస నియమం ఒకటి చాలు: వడ్డీవ్యాపారికి పేరున్న కథలో, భూమి పోయినవాడికి పేరు ఉండి తీరాలి.

ఆ యువ రచయిత రాతప్రతి తిరిగి తీసుకొని పోయాడు. నెల తర్వాత ఉత్తరం రాశాడు. ఊరికి పోయి, ఎవరిని చూసి ఆ కథ రాశాడో ఆ ముసలాయన్ను పేరడిగాడట. ముసలాయన పేరు చెప్పలేదు. “ముందు నీ పేరు చెప్పు” అన్నాడట. ఇతను చెప్పాడు. ముసలాయన ఆ పేరును రెండు మూడు సార్లు పలికి, సరిగ్గా వచ్చిందాకా మళ్ళీ అడిగి, అప్పుడు తనది చెప్పాడట. కథ మొత్తం తిరగరాస్తున్నానని ఉత్తరంలో ఉంది. తిరగరాయాల్సిందే. పరాయివాడి పేరును ఎట్లా పలకాలో ఆ ముసలాయన దగ్గర మనమందరం నేర్చుకోవలసి ఉంది.